నూనెచక్రము: బాటకును పందెమునకును తగిన టార్కు కన్వర్టరును ఎన్నుకొనుట

గడచిన వేసవి సెలవులలో ఒకనాఁటి సాయంకాలము రాజోలు ప్రాంతమునుండి కొబ్బరితోట రైతొకరు మా యింటికి వచ్చిరి. వారి కుమారుఁడు మా యొద్ద భౌతికశాస్త్రము చదివినవాఁడు. కాకినాడలో ఇంజనీరింగు ముగించి, ప్రస్తుతము అమెరికాలోని టెక్ససు రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాఁడు. ఆ పెద్దమనిషి కూర్చుండి, మంచినీళ్లు త్రాగి, కొంతసేపటికి అసలు సంగతి చెప్పిరి.

“మాస్టారూ, మావాడు పాత కారొకటి కొన్నాడండి. అందులో నూనెతో తిరిగే చక్రమేదో కొత్తది వేయించాడటండి. మూడు నెలలకే గేరుపెట్టె కాలిపోయిందటండి. చెల్లెలి కాలేజీ ఫీజుకని దాచిన డబ్బంతా దానికే అయిపోయింది. ఇనుపపెట్టె కాలిపోవడమేమిటండీ? మీరు వాడికి చదువు చెప్పారు కదా, కాస్త కనుక్కోండి.”

మేము వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. పాఠము చెప్పినవారము గనుక కొంత బాధ్యత మాకును గలదని తోఁచినది. ఆ కుఱ్ఱవానికి ఉత్తరము వ్రాసి బండి లెక్కలన్నియుఁ దెప్పించుకొంటిమి. అమలాపురములోని యొక మెకానిక్కు షెడ్డులో రెండుగా కోసి పెట్టిన పాత కన్వర్టరును చేతఁ బట్టి చూచితిమి. ఆ విచారణలో మేము నేర్చికొన్నది విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఉపయోగపడునని తలంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

కన్వర్టరు ఎందుకు?

పెట్రోలు ఇంజనునకు ఒక లోపము గలదు. అది నిలిచియున్నపుడు బలమీయజాలదు. నిమిషమునకు ఆఱేడు వందల చుట్లకుఁ దక్కువగాఁ దిరిగినచో ఆఁగిపోవును. బండి చక్రములన్ననో నిలుకడనుండియే బయలుదేఱవలయును. తిరుగుచున్న ఇంజనును నిలిచియున్న చక్రములతో ఏ విధముగాఁ గలుపవలయును? ఒక్కసారి గట్టిగాఁ గలిపినచో ఇంజను ఆఁగిపోవును. కలుపకున్న బండి కదలదు.

చేతిగేరు కార్లలో ఈ పనిని క్లచ్చి చేయును. డ్రైవరు ఎడమకాలితో పెడలును మెల్లగా వదలఁగా రెండు బిళ్లలు కొంచెము జారుచు, ఒరసికొనుచు, తుదకుఁ గలిసిపోవును. ఆటోమాటిక్ కార్లలో అనేకమునందు ఈ పనిని నూనె చేయును. ఆ నూనె నిండిన డొల్లచక్రమునకే టార్కు కన్వర్టరని పేరు. టార్కు అనఁగా మెలివేయు బలము, అనఁగా ఇరుసును త్రిప్పెడి శక్తి.

దీనిని మొదట కార్ల కొఱకు కనిపెట్టలేదు. హెర్మన్ ఫోటింగర్ అను జర్మను ఇంజనీరు 1905వ సంవత్సరమున దీనికి పేటెంటు పొందెను. ఆవిరి టర్బైను మిక్కిలి వేగముగాఁ దిరుగును; ఓడ వెనుకనుండు పంకా మెల్లగాఁ దిరిగిననే నీటిని చక్కఁగాఁ ద్రోయును. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుట ఆయన ఉద్దేశము. కార్లలో 1940వ సంవత్సరపు ఓల్డ్‌స్‌మొబీలు బండ్లయందు నూనెద్వారా శక్తిని అందించు చక్రము వచ్చెను గాని, అది బలమును పెంచునది కాదు. 1948లో బ్యూక్ కంపెనీవారి డైనాఫ్లోతో నిజమైన టార్కు కన్వర్టరు అమెరికా కార్లలో వ్యాప్తికి వచ్చెను.

లోపల జరుగునదేమి?

విద్యార్థులారా, రెండు టేబిలు ఫ్యానులను ఎదురెదురుగా నుంచుఁడు. ఒకదానికి మాత్రమే కరెంటు నిండు. దాని గాలి తగిలి రెండవది కూడ తిరుగ నారంభించును. రెండవదానిని వ్రేలితో పట్టి యాఁపినను మొదటిది ఆఁగదు. కన్వర్టరు మూలసూత్రమిదియే. గాలికి బదులు నూనె. రెండు ఫ్యానులకు బదులు ఱెక్కలు గల రెండు చక్రములు. ఇంజనుతోఁ గూడ తిరిగి నూనెను విసరునది పంపుచక్రము. ఆ నూనె దెబ్బకుఁ దిరిగి గేరుపెట్టెకు బలమిచ్చునది టర్బైనుచక్రము.

ఈ రెండే యున్నచో వచ్చిన బలము వచ్చినట్లే పోవును, పెరుగదు. పైఁగా మఱియొక చిక్కు గలదు. టర్బైనును కొట్టిన నూనె దిక్కు మాఱి, పంపుచక్రము తిరుగు దిశకు ఎదురుగా వెనుకకు వచ్చును. మన కాలువలలో పడవ నడపువారికి ఎదురునీటి సంగతి చెప్పనక్కఱలేదు. ఆ యెదురుగా వచ్చు నీటినే మళ్లించి పడవను వెనుకనుండి త్రోయునట్లు చేయఁగలిగినచో ఎంత లాభము! సరిగా ఆ పనినే రెండు చక్రముల నడుమనున్న మూఁడవ చక్రము చేయును. దానికి స్టేటరు అని పేరు. అది తిరిగివచ్చు నూనెను వంచి, పంపునకు సహాయమగు దిశలోనికి మళ్లించును. అందువలన బండి నిలుకడనుండి బయలుదేఱు వేళ టర్బైనునకు ఇంజను బలమునకు సుమారు రెండింతలు, ఒక్కొక్క నిర్మాణములో రెండున్నర యింతల వఱకును, మెలివేయు బలము లభించును.

ఇది ఊరక వచ్చిన సొమ్ము కాదు. బలము పెరిగినపుడు వేగము తగ్గును. టర్బైను వేగము పంపు వేగమును సమీపించు కొలఁది యీ లాభము తగ్గి, ఇంచుమించు నూటికి తొంబది పాళ్లు చేరునప్పటికి పూర్తిగాఁ బోవును. అప్పుడు స్టేటరు అడ్డము రాకుండ, సైకిలు ఫ్రీవీలువలె, తానును స్వేచ్ఛగాఁ దిరిగిపోవును.

స్టాల్ వేగము

కన్వర్టరును కొనువారు మొదట అడుగునది దాని స్టాల్ వేగము. చక్రములను కదలనీయక యాక్సిలరేటరును పూర్తిగాఁ ద్రొక్కినచో ఇంజను ఎంతవేగము వఱకు పోఁగలదో అదియే స్టాల్ వేగము. ఈ సంఖ్యను గూర్చి రెండు భ్రమలు వ్యాపించియున్నవి.

మొదటి భ్రమ: స్టాల్ 3,500 అయినచో ఇంజను నిమిషమునకు 3,500 చుట్లు చేరువఱకు బండి కదలదని. ఇది తప్పు. మెల్లగాఁ ద్రొక్కినపుడు బండి అంతకంటెఁ జాల తక్కువ వేగముననే కదలును. అయితే వదులైన కన్వర్టరు బిగువైన దానికంటె ఎల్లప్పుడును ఎక్కువగా జారును.

రెండవ భ్రమ: స్టాల్ వేగము పెట్టెమీఁద ముద్రించిన స్థిరసంఖ్య యని. అదియుఁ దప్పే. పంపుచక్రము పీల్చు బలము దాని వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. కావున ఇంజను బలమునకు వర్గమూలము ననుసరించి స్టాల్ వేగము మాఱును. 400 న్యూటన్ మీటర్ల ఇంజను వెనుక 2,400 చుట్లు స్టాలయ్యెడి కన్వర్టరును 484 న్యూటన్ మీటర్ల ఇంజను వెనుక నుంచితిమనుకొనుఁడు. 484ను 400చే భాగింపఁగా 1.21, దాని వర్గమూలము 1.1. కావున అదే కన్వర్టరు ఇప్పుడు 2,640 చుట్లకు స్టాలగును. ఒకరి బండిలో బాగుగాఁ బనిచేసినది వేఱొకరి బండిలో అట్లే పనిచేయునని యనుకొనరాదనుటకు ఇదియే కారణము.

చక్రపు వ్యాసమున కింకను బలమైన ప్రభావము గలదు. ఇతర విషయములన్నియు సమానమైనచో, పీల్చు బలము వ్యాసము యొక్క అయిదవ ఘాతమును బట్టి మాఱును. 12 అంగుళముల చక్రము 1,800 చుట్లకు స్టాలగునేని, అదే పోలికతో చేసిన 10 అంగుళముల చక్రము సుమారు 2,840 చుట్లకు స్టాలగును. రెండంగుళములు తగ్గించినంత మాత్రమున ఇంత భేదము! పందెపు బండ్ల కన్వర్టర్లు చిన్నవిగా నుండుటకు హేతువిదియే. ఱెక్కల వంపును, స్టేటరు ఆకృతిని మార్చియుఁ దయారుచేయువారు ఈ వేగమును సవరింతురు.

ఎన్నుకొనునపుడు చూడవలసినవి

మొదటిది, ఇంజను స్వభావము. వాల్వులను తెఱచు క్యామ్ ఇరుసు ఏ చుట్లనుండి ఏ చుట్ల వఱకు మంచి బలమిచ్చునట్లు చేయఁబడినదో తెలిసికొనవలయును. పందెపు క్యామ్ తక్కువ చుట్లలో నీరసముగా నుండి, ఎక్కువ చుట్లలో విజృంభించును. అట్టి ఇంజనునకు వదులైన కన్వర్టరు అవసరము. అది లేనిదే సిగ్నలువద్ద నిలిచినపుడు సైతము ఇంజను తడఁబడును. సాధారణపు క్యామ్ ఇంజను తక్కువ చుట్లలోనే బాగుగా లాగును. దానికి ఎక్కువ స్టాల్ కన్వర్టరు అమర్చుట, నిలిచి బస్తా యెత్తఁగలవానిని పరుగెత్తి వచ్చి యెత్తుమని చెప్పుట వంటిది.

రెండవది, బండి బరువు. బరువు బండి కన్వర్టరును ఎక్కువగా నొత్తి, బయలుదేఱునపుడు ఇంజను చుట్లను పైకి తెచ్చును. తేలిక బండిలో అదే కన్వర్టరు అంత పైకి పోదు.

మూఁడవది, వెనుక ఇరుసు నిష్పత్తియు, టైరు ఎత్తును. ఇచ్చట లెక్క తప్పనిసరి. టైరు వ్యాసము 66 సెంటీమీటర్లయినచో దాని చుట్టుకొలత సుమారు 2.07 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగమనఁగా నిమిషమునకు 1,667 మీటర్లు. చక్రము నిమిషమునకు సుమారు 805 సార్లు తిరుగును. వెనుక ఇరుసు నిష్పత్తి 3.08 అయి, పై గేరు ఒకటికి ఒకటియైనచో, ఇంజను 2,480 చుట్లు తిరుగును. నిష్పత్తి 3.73 అయినచో 3,000 చుట్లు. ఆ 3.73తోనే 0.70 ఓవర్‌డ్రైవు గేరు కూడ నున్నచో 2,100 చుట్లు మాత్రమే.

ఈ సంఖ్యయే బాటమీఁద నడుచు బండికి ముఖ్యమైన హద్దు. తాళము లేని కన్వర్టరులో, ప్రతిదినము నడచు వేగమున ఇంజను తిరుగు చుట్లకంటె స్టాల్ వేగము తక్కువగా నుండుట మేలని అనుభవజ్ఞుల మాట.

నాలుగవది, తాళపు క్లచ్చి. కొన్ని కన్వర్టర్లలో వేగమందుకొన్న పిదప పంపును టర్బైనును గట్టిగాఁ గలిపివేయు క్లచ్చి యుండును. అప్పుడు జారుటయే యుండదు. 1949లో ప్యాకార్డు వారి అల్ట్రామాటిక్‌లోను, 1978లో క్రైస్లరు వారి గేరుపెట్టెలలోను ఇది వచ్చెను. నేఁటి కార్లలో ఇది సామాన్యము. ఇది యున్నచో కొంత ఎక్కువ స్టాల్ కన్వర్టరునైనను బాటమీఁద భరింపవచ్చును.

అయిదవది, పందెము ఏ జాతిదో. అమెరికాలో మిక్కిలి ప్రచారములోనున్న డ్రాగ్ పందెము పావు మైలు, అనఁగా సుమారు 402 మీటర్లు, నేరుగాఁ బోవునది. అందు బయలుదేఱుటయే సగము గెలుపు. ఎక్కువ స్టాల్ కన్వర్టరు మేలు చేయును. మన చెన్నై సమీపమున ఇరుంగాట్టుకోటలోనున్నట్టి మలుపుల పందెపుబాటలో అట్లు గాదు. అచ్చట మాటిమాటికి వేగము తగ్గించి పెంచవలయును. వదులైన కన్వర్టరు త్రొక్కిన వెంటనే బలమీయదు. ఇంజను పట్టుతో వేగము తగ్గనీయదు. అరగంట నడపినచో నూనె మఱిగిపోవును. అచ్చటికి బిగువైనది, తాళము గలది కావలయును.

వేడి అను శత్రువు

ఇప్పుడు ఆ రైతుగారి ప్రశ్నకు వచ్చెదము. ఇనుపపెట్టె యెట్లు కాలును?

కన్వర్టరు జాఱినపుడు పోయిన శక్తి యెచ్చటికిని పోదు. వేడియై నూనెలోనే నిలుచును. బండి రహదారిమీఁద నడచుటకు ఇంజను 20 కిలోవాట్ల శక్తి నిచ్చుచున్నదనుకొనుఁడు. కన్వర్టరు నూటికి 15 పాళ్లు జాఱినచో 3 కిలోవాట్లు వేడిగా మాఱును. ఇండ్లలో నీళ్లు కాఁచుకొను 1,000 వాట్ల రాడ్లు మూఁడింటిని ఒక నూనెకుండలో ముంచి ప్రయాణమంతయు నాఁపకుండ ఉంచినట్లన్నమాట.

బండిని కదలనీయక స్టాల్ వేగమును పరీక్షించునపుడు శక్తి యంతయు వేడియే. 400 న్యూటన్ మీటర్లు, 2,400 చుట్లు అనఁగా సుమారు 100 కిలోవాట్లు. అట్టివి నూఱు రాడ్లు! కనుకనే స్టాల్ పరీక్ష అయిదు సెకండ్లకు మించి చేయరాదని నియమము. బండి ముందర మనుష్యులను నిలువనీయరాదు. బ్రేకు జాఱినచో అది దూఁకును.

గేరుపెట్టె నూనె సుమారు 80 సెంటీగ్రేడు డిగ్రీల వఱకు సుఖముగాఁ బనిచేయును. ఆపైన ప్రతి 11 డిగ్రీలకు దాని ఆయుర్దాయము సగమగునని మరమ్మతువారి వాడుక లెక్క. 113 డిగ్రీలయందు అది ఎనిమిదవ వంతునకు దిగును. నూనె నల్లఁబడి, మాడువాసన వేసి, లోపలి క్లచ్చి బిళ్లలు జాఱి, తుదకు అవియుఁ గాలును. కాలినది ఇనుము కాదు. నూనెయు, బిళ్లల పూఁతయు.

మా శిష్యుని సంగతి

మా శిష్యుఁడు కొన్నది 1970ల నాఁటి షెవ్రొలే. 350 ఘనపుటంగుళముల ఇంజను, మూఁడు గేర్ల టర్బో హైడ్రామాటిక్ 350 గేరుపెట్టె, 3.08 వెనుక ఇరుసు. క్యామ్ సాధారణమైనది. వారమున అయిదు దినములు ఆ బండిలోనే ఉద్యోగమునకుఁ బోవును. ఎప్పుడో యొక శనివారము పావుమైలు బాటకుఁ గొనిపోవును. అతని మిత్రునికి 4,000 స్టాల్ కన్వర్టరు గల బండి యున్నది. దానిని చూచి మురిసి, ఇతఁడును అట్టిదే కొనెను. అమ్మినవాఁడును ఏమియు నడుగలేదు; ఇతఁడును ఏమియుఁ జెప్పలేదు.

మిత్రుని బండి తేలికైనది. పందెపు క్యామ్ గలది. వెనుక ఇరుసు 4.10. దానిని ట్రైలరుమీఁద కెక్కించి పందెమునకుఁ గొనిపోవుదురు గాని, ఉద్యోగమునకు నడపరు. మనవాని బండి గంటకు 100 కిలోమీటర్లకు 2,480 చుట్లు తిరుగును. అట్టి బండిలో 4,000 స్టాల్ కన్వర్టరు ప్రతిదినమును జారుచుండెను. అది టెక్ససు వేసవి. దారి పొడుగునను ట్రాఫిక్కు. వేఱుగా నూనె చల్లార్చు రేడియేటరు లేదు. వేడి చూపు గడియారమును లేదు. ఇంజను రొద పెరిగినది, పెట్రోలు ఖర్చు పెరిగినది. ఈ రెండును హెచ్చరికలని అతనికిఁ దెలియలేదు. మూఁడవ నెలలో పై గేరు పడుట మానెను.

ఉత్తర ప్రత్యుత్తరములలో మేము అతనికి క్రొత్త విద్య యేదియు నేర్పలేదు. వర్గమూలము, చుట్టుకొలత, శక్తి నిత్యత్వము, ఇవన్నియు అతఁడు ఈ పాఠశాలలోనే చదివినవి. నల్లబల్లమీఁద చేసిన లెక్కను బండి కొనునపుడు జ్ఞాపకము చేసికొనలేదు. ఆ లోపములో మా పాలు కూడఁ గలదు. లెక్క నేర్పితిమి గాని, అది యెచ్చటఁ బనికివచ్చునో చూపమైతిమి.

గేరుపెట్టెను బాగుచేయించిన పిదప అతఁడు లెక్కలన్నియు వ్రాసి తయారుచేయువారికిఁ బంపి, తన ఇంజనునకు 2,400 చుట్లకు స్టాలగు కన్వర్టరును తెప్పించుకొనెను. మొదటి గేరు 2.52, వెనుక ఇరుసు 3.08, కన్వర్టరు రెండింతలు. ఈ మూఁటిని హెచ్చవేయఁగా బయలుదేఱు వేళ చక్రములకు ఇంజను బలమునకు పదునైదు రెట్లకుఁ బైగా చేరును. అది సాధారణపు బండికిఁ జాలును. నూనె చల్లార్చు రేడియేటరును, వేడి చూపు గడియారమును కూడ అమర్చెను. ఇప్పుడు నూనె వేడి హద్దులో నున్నది. పావుమైలు పందెములో మిత్రుని బండి యిప్పటికిని ఇతనికంటె ముందే పోవుచున్నది. కాని సోమవారమునాఁడు ఉద్యోగమునకుఁ బోవలసినవాఁడు శనివారపు గెలుపుకై గేరుపెట్టెను బలియీయరాదని అతఁడే వ్రాసెను.

తల్లిదండ్రులకు ఒక మాట

మన ప్రాంతమునందును ఆటోమాటిక్ కార్లు పెరుగుచున్నవి. ఆ పేరుతో నమ్మునవన్నియు నొక్కటి కావు. కొన్నింట టార్కు కన్వర్టరు. కొన్నింట యంత్రమే త్రొక్కెడి మామూలు క్లచ్చి. కొన్నింట జంట క్లచ్చులు. కొన్నింట బెల్టుతో నిష్పత్తి మార్చు పద్ధతి. కొనుటకు ముందు ఏది యని యడుగుఁడు. కన్వర్టరు బండియైనచో నూనె రంగును, వాసనను, మార్చవలసిన గడువును కనిపెట్టియుండుఁడు. మఱియొకటి: కాలువగట్టు బాటలుగాని, 216వ జాతీయ రహదారిగాని పందెపు బాటలు కావు. కొబ్బరిబండ్లును, బడిపిల్లల సైకిళ్లును నడచు దారులవి.

2023 ఫిబ్రవరి 11వ తేదీని హైదరాబాదున హుస్సేన్‌సాగరు ప్రక్కన విద్యుత్తు కార్ల పందెము జరిగెను. ఆ బండ్లలో టార్కు కన్వర్టరు లేదు. విద్యుత్తు మోటారు నిలుకడనుండియే పూర్తి బలమీయఁగలదు గనుక దానితోఁ బని లేదు. ఒకనాఁటికి ఈ నూనెచక్రము వస్తుప్రదర్శనశాలకుఁ జేరినను చేరవచ్చును. కాని వస్తువును కొనుటకు ముందు దాని పనిని, మన యవసరమును కొలిచి చూచుకొను పద్ధతి మాత్రము ఏ యంత్రము వచ్చినను మాఱదు.

ఈ సంగతులన్నియు ఆ రైతుగారికి ఫ్యానుల దృష్టాంతముతో వివరించితిమి. వారు శ్రద్ధగా విని, “అయితే మావాడు లెక్క వేయకుండా కొన్నాడన్నమాటండి” అనిరి. ఆ వాక్యము మా వ్యాసమంతటికిని సారము. చెల్లెలి ఫీజు రెండవ వాయిదా గడువులోపలనే చెల్లినది.